మాల్‌కు ఇచ్చిన అనుమతి కోర్టులో ఎప్పుడు నిలుస్తుంది, ఎప్పుడు కూలుతుంది?

లక్నోలోని అమీనాబాద్ పాత బజారు. చికన్ పని బట్టలకు, కబాబులకు పేరుపడ్డ చోటు. ఇరుకు రోడ్లు, తోపుడు బండ్లు, రిక్షాలతో పండగ ముందు రోజుల్లో అడుగు తీసి అడుగు వేయడమే కష్టం. ఆ కిక్కిరిసిన బజారు నడుమ ఒక పార్కుంది. స్వాతంత్ర్యోద్యమ కాలంలో అక్కడ జెండా ఎగరేశారు కాబట్టి జనం నోట అది జండేవాలా పార్కు అయింది. 1993 నవంబరు 4న లక్నో నగర మహాపాలిక ఎం.ఐ. బిల్డర్స్ అనే సంస్థతో ఒక ఒప్పందం రాసుకుంది. పార్కు నేలను తవ్వి భూగర్భంలో షాపింగ్ కాంప్లెక్స్, పార్కింగ్ కట్టాలి, పైన మళ్లీ పచ్చిక పరిచి పార్కు వేయాలి. బజారులో రద్దీ తగ్గుతుందని మహాపాలిక చెప్పింది.

కొందరు పౌరులు అలహాబాద్ హైకోర్టు లక్నో బెంచిలో రిట్ వేశారు. 1994 ఆగస్టులో హైకోర్టు ఆ ఒప్పందాన్ని కొట్టేసింది. బిల్డరు సుప్రీంకోర్టుకు వెళ్లాడు. తీర్పు 1999 జూలై 26న వచ్చింది. అప్పటికి నేల కింద నిర్మాణం లేచి నిలబడింది, డబ్బు ఖర్చయిపోయింది. అయినా జస్టిస్ డి.పి. వాధ్వా రాసిన ఆ తీర్పు కాంప్లెక్స్‌ను బతకనివ్వలేదు. నాలుగు బ్లాకుల్లో మూడింటిని పడగొట్టి ఆ చోట పార్కును యథాతథంగా పునరుద్ధరించమంది. మిగిలిన ఒక్క బ్లాకులో అడ్డుగోడలు తీసేసి, దాన్ని వాహనాలు నిలిపే చోటుగా మార్చమంది.

కట్టిన కాంప్లెక్స్‌ను కూల్చమనేంత తప్పు అందులో ఏముంది? మాల్ వివాదాల్లో కోర్టు దేన్ని చూస్తుందో, దేన్ని చూడదో ఈ కేసులోనే కనిపిస్తుంది. అందుకే ముందు ఆ ఒప్పందం లోపలికి వెళ్దాం.

భూమి మహాపాలికది. కట్టేది బిల్డరు, తన డబ్బుతో. దుకాణాలు ఎవరికివ్వాలో వెతికి, మహాపాలిక తరఫున లీజు రాసిచ్చేదీ బిల్డరే. పెట్టుబడి మీద 10 శాతం లాభం అతనికి దక్కుతుంది. వినడానికి పది శాతమేగా అనిపిస్తుంది. కానీ దేని మీద పది శాతం? మొత్తం ప్రాజెక్టు ఖర్చు ఎంతో ఒప్పందంలో లేదు. ఖర్చును ఎవరు లెక్కగడతారో, ఎవరు సరిచూస్తారో తేల్చలేదు. ప్రాజెక్టు రిపోర్టు తయారు కాలేదు. టెండర్లు పిలవలేదు. నగరం నడిబొడ్డున, వెలకట్టడమే కష్టమైన స్థలం ఒక్క సంస్థ చేతికి, పోటీ లేకుండా వెళ్లిపోయింది. ఇది పూర్తిగా ఒక పక్షానికే మేలు చేసే ఒప్పందమని సుప్రీంకోర్టు తేల్చింది.

రెండో తప్పు ఇంకా లోతైనది. ఉత్తరప్రదేశ్ మున్సిపల్ చట్టం ప్రకారం పార్కులను కాపాడటం మహాపాలిక విధి. ఇష్టముంటే చేసే పని కాదు, చేసి తీరాల్సిన పని. పార్కులు, ఆటస్థలాలు, ఖాళీ జాగాల రక్షణకు ఆ రాష్ట్రంలో 1975 నుంచీ ఒక ప్రత్యేక చట్టమే ఉంది. పట్టణాభివృద్ధికి 1973 చట్టం వేరుగా ఉంది. వీటన్నిటినీ పక్కనపెట్టి, ఆస్తి నాది కాబట్టి నా ఇష్టం అన్నట్టు మహాపాలిక నడుచుకుంది. గుడి మాన్యానికి ధర్మకర్త ఎలాంటివాడో పార్కుకు మున్సిపాలిటీ అలాంటిది. కాగితం మీద పేరు దానిదే, అనుభవించే హక్కు మాత్రం ఊరిది. ఈ ప్రజా ధర్మకర్తృత్వ సూత్రాన్ని సుప్రీంకోర్టు 1996లో బియాస్ నది ఒడ్డున వెలసిన ఒక హోటల్ కేసులో స్పష్టం చేసింది. మూడేళ్లకు అదే సూత్రం అమీనాబాద్‌లో ఒక షాపింగ్ కాంప్లెక్స్‌ను పడగొట్టింది.

అమీనాబాద్‌కు షాపింగ్ కాంప్లెక్స్ అవసరమా కాదా అన్నది న్యాయస్థానం తేల్చాల్సిన ప్రశ్న కాదు. ఊరికి మాల్ మంచిదా, చిన్న దుకాణదారుల పొట్ట కొడుతుందా, ఉద్యోగాలు వస్తాయా అన్న వాదనలు పేపర్లలో, కౌన్సిల్ సమావేశాల్లో ఎంతసేపైనా నడవొచ్చు. వాటి మీద తీర్పు చెప్పే పని జడ్జి నెత్తిన వేసుకోడు. అనుమతి ఇచ్చినవాడికి ఆ అధికారం ఉందా, చట్టం చెప్పిన దారిలోనే ఇచ్చాడా, చూడాల్సినవన్నీ చూసి ఇచ్చాడా అని మాత్రమే అడుగుతాడు. మాల్ మీద కోపంతో కోర్టుకెళ్లి ఓడిపోయే చాలామంది ఇక్కడే పొరబడతారు. రద్దీ పెరుగుతుంది అని చెబితే కేసు నిలవదు. రద్దీని లెక్కగట్టి చూడాలని నిబంధన ఉంది, చూడకుండానే సంతకం పెట్టారు అని చూపగలిగితే నిలుస్తుంది.

ఈ గీత మన దేశంలోనే కాదు, ఇతర చోట్లా దాదాపు ఇలాగే ఉంటుంది. స్కాట్లండ్‌లోని డండీ నగరంలో మూతపడ్డ ఒక ఫ్యాక్టరీ స్థలంలో ఆస్డా సూపర్‌స్టోర్‌కు నగర కౌన్సిల్ పచ్చజెండా ఊపింది. అక్కడికి సుమారు 800 మీటర్ల దూరంలో టెస్కో దుకాణం ఉంది. కోర్టుకెళ్లింది ఇరుగుపొరుగువాళ్లు కాదు, ఆ టెస్కోనే. 2012లో బ్రిటన్ సుప్రీంకోర్టు చెప్పిందేమిటంటే, ప్లాన్‌లో రాసిన విధానానికి అర్థం చెప్పడం కోర్టు పని, ఆ అర్థాన్ని ఫలానా స్థలానికి వర్తింపజేసి మంచిచెడ్డలు బేరీజు వేయడం కౌన్సిల్ పని. టెస్కో ఓడిపోయింది. పోటీ వ్యాపారులు ప్రజాహితం పేరుతో వేసే కేసులు మన దగ్గరా తక్కువేం కాదు కాబట్టి, పిటిషన్ వెనక ఎవరున్నారో చదివేవాళ్లు కూడా ఒకసారి చూసుకోవాలి.

మనం అనుమతి అని ఒక్క మాటలో అంటాం గానీ, మాల్‌కు ఒక్క అనుమతి ఉండదు. మొదట స్థలం వినియోగం. మాస్టర్ ప్లాన్‌లో ఆ సర్వే నంబరు కమర్షియల్‌గా ఉందా, నివాస ప్రాంతమా, పార్కుకు వదిలిన జాగానా, చెరువు శిఖమా? కమర్షియల్ కాకపోతే భూ వినియోగ మార్పిడి కావాలి. ఆ తర్వాత బిల్డింగ్ ప్లాన్ మంజూరు. అందులో ఎన్ని అంతస్తులు, చుట్టూ ఎంత ఖాళీ వదలాలి, సెల్లార్‌లో పార్కింగ్ ఎంత అన్నవి తేలతాయి. ఎత్తును బట్టి ఫైర్ ఎన్‌ఓసీ. నిర్మిత విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు దాటితే 2006 నోటిఫికేషన్ కింద పర్యావరణ అనుమతి. కట్టడం పూర్తయ్యాక, కట్టింది మంజూరైన ప్లాన్ ప్రకారమే ఉందని చెప్పే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అందరూ ఓసీ అనేది. ఈ గొలుసులో ఏ లంకె తెగినా కేసుకు ఆస్కారమే. కానీ అన్ని లంకెలకూ ఒకే బరువు లేదు. ఆ తేడా తెలియాలంటే ఢిల్లీ వెళ్లాలి.

దక్షిణ ఢిల్లీలో వసంత్ కుంజ్ దగ్గర, ఆరావళి కొండల కొస అయిన రిడ్జ్‌ను ఆనుకుని, ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ (డీడీఏ) ప్లాట్లు వేలం వేసింది. కొన్న కంపెనీలు మాల్స్ కట్టడం మొదలుపెట్టాయి. ఈలోగా 2004 జూలైలో కేంద్రం నిబంధన మార్చి, పెద్ద భవన నిర్మాణాలకూ పర్యావరణ అనుమతి తప్పనిసరి చేసింది. ఈ మాల్స్‌కు ఆ అనుమతి లేదు. విషయం సుప్రీంకోర్టుకు వచ్చేసరికి పనులు చాలా ముందుకెళ్లాయి. పర్యావరణ శాఖ నిపుణుల కమిటీ స్థలాన్ని పరిశీలించి ఇచ్చిన అభిప్రాయం మనసులో పెట్టుకోదగ్గది. కట్టకముందే తమ దగ్గరికి వచ్చి ఉంటే మరో చోటు చూసుకోమని చెప్పేవాళ్లమని, ఇంతవరకూ కట్టేశాక కఠినమైన షరతులు పెట్టడమే మార్గమని ఆ కమిటీ అంది. 2006 అక్టోబరులో సుప్రీంకోర్టు మాల్స్‌ను సాగనిచ్చింది. ప్రభుత్వ సంస్థే వేలం వేసింది, కొన్నవాళ్లు దాన్ని నమ్మి కోట్లు పెట్టారు, వాళ్ల తప్పు లేదు అన్నది కోర్టు చూసిన కోణం. నేడు డీఎల్ఎఫ్ ఎంపోరియో, ప్రొమనాడ్, ఆంబియెన్స్ మాల్స్ నిలబడి ఉన్నది ఆ నేల మీదే.

లక్నోలో కట్టినదాన్ని కూల్చమన్న కోర్టే ఢిల్లీలో కట్టినదాన్ని ఎందుకు ఉండనిచ్చింది? పైకి పరస్పర విరుద్ధంగా కనిపించే ఈ రెండు తీర్పుల మధ్య ఒక తర్కం ఉంది. లక్నోలో అనుమతి ఇచ్చిన సంస్థకు ఆ పని చేసే అధికారమే లేదు. పార్కును షాపింగ్ కాంప్లెక్స్ చేయడానికి ఎన్ని కాగితాలు కలిపినా చట్టం ఒప్పదు. పైగా బిల్డరు, మహాపాలిక కూడబలుక్కుని రాసుకున్న ఒప్పందం అది. ఢిల్లీలో వేలం వేసే అధికారం డీడీఏకు ఉంది, స్థలం వాణిజ్యానికి కేటాయించినదే. తప్పింది ఒక మెట్టు, అది తర్వాతైనా ఎక్కగలిగిన మెట్టు అని కోర్టు భావించింది. దిద్దుకోవడానికి వీల్లేని తప్పు ఒకటి, దిద్దుకోదగ్గ తప్పు మరొకటి. న్యాయవాదుల వాదనలు చాలావరకు ఈ రెండింటి మధ్యే తిరుగుతాయి. బిల్డరు తరఫువాళ్లు ఎంత పెద్ద తప్పునైనా దిద్దుకోదగ్గదిగా చూపిస్తారు, పిటిషనర్ తరఫువాళ్లు దాన్ని అధికార లోపంగా నిరూపించడానికి చూస్తారు.

వసంత్ కుంజ్ తీర్పుతో నేను ఏకీభవించను. ముందే అడిగి ఉంటే వద్దనేవాళ్లమని నిపుణులే చెప్పినప్పుడు, అడగకపోవడం వల్ల కట్టినవాడికి లాభం, అడిగి ఆగినవాడికి నష్టం. ఎంత తొందరగా కాంక్రీటు పోస్తే అంత భద్రం అనే సంకేతం నిర్మాణ రంగానికి వెళ్తుంది. భూగర్భ జలాలు ఇంకే రాతి నేల పోయాక, ఎన్ని షరతులు రాసినా ఆ నేల తిరిగి రాదు.

తిరుపతిలో జరిగింది మాల్ గురించి కాకపోయినా, ఇదే ధోరణిని మన గడప దగ్గర చూపిస్తుంది. పేరూరు, అవిలాల చెరువుల భూములను అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇళ్ల నిర్మాణానికి కేటాయించింది. స్థానికుల వేదిక ఒకటి హైకోర్టులో ఓడిపోయి సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2006 ఫిబ్రవరిలో వచ్చిన తీర్పు జండేవాలా పార్కు కేసులో వాడిన ధర్మకర్తృత్వ సూత్రాన్నే చెరువులకూ వర్తింపజేసింది. చెరువు ఊరి ఉమ్మడి ఆస్తి, దాన్ని పంచిపెట్టే ముందు ప్రభుత్వం చూడాల్సినవి చూడలేదని తప్పుబట్టింది. అయినా అప్పటికే లేచిన ఇళ్లను పడగొట్టమనలేదు. ఇకమీదట కొత్త కట్టడాలు వద్దని, ఉన్నవాటిలో వాన నీటిని ఒడిసిపట్టే ఏర్పాట్లు చేయాలని ఆదేశించింది. సూత్రం గెలిచింది, నేల సగమే దక్కింది. కేసు తేలడానికి పట్టిన ఏళ్లలోనే ఆ సగం పోయింది.

ఇదంతా చూశాక, ఊరివాళ్లకు మాట్లాడే అవకాశం ఎక్కడుందన్న ప్రశ్న వస్తుంది. నిజం చెప్పాలంటే, మాల్ విషయంలో ఆ అవకాశాలు చాలా సన్నవి. పర్యావరణ అనుమతి కావాల్సిన గనులకు, ఫ్యాక్టరీలకు ప్రజాభిప్రాయ సేకరణ జరుగుతుంది, షామియానా వేసి కలెక్టరు సమక్షంలో జనం మాట్లాడతారు. భవన నిర్మాణాలకు ఆ సేకరణ అవసరం లేదని 2006 నోటిఫికేషన్ మినహాయించింది. బిల్డింగ్ ప్లాన్ మంజూరులో పక్కింటివాణ్ని పిలిచి అడిగే దశే లేదు. తెలంగాణలో 2020 నాటి టీఎస్-బీపాస్ చట్టం పెద్ద భవనాల దరఖాస్తులను 21 రోజుల్లో తేల్చాలంది. గడువులోగా తేల్చకపోతే అనుమతి వచ్చినట్టే లెక్క. ఆఫీసు చుట్టూ తిప్పే జాప్యాన్ని, లంచాన్ని అరికట్టడానికి వచ్చిన మంచి మార్పే ఇది. కానీ అదే వేగం అభ్యంతరం చెప్పదలచినవాడి సమయాన్నీ కుదించింది. ఫ్లెక్సీ కనిపించి, విషయం తెలిసేసరికి అనుమతి చేతికొచ్చి ఉంటుంది.

మిగిలిన నిజమైన అవకాశం భూ వినియోగ మార్పిడి దశ. అప్పుడు మాత్రం అభ్యంతరాలు కోరుతూ బహిరంగ ప్రకటన ఇవ్వాలి. పేపర్లో లోపలి పేజీలో, సర్వే నంబర్లు, హద్దులు, ఉత్తరాన ఫలానావారి భూమి, దక్షిణాన రోడ్డు అంటూ చిన్న అక్షరాల్లో వస్తుంది. చాలామంది చదవరు. చదివి, గడువులోగా రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చినవాడికి తర్వాత కోర్టులో ఉండే బలం వేరు. నేను చెప్పినా వినలేదు, కారణం కూడా రాయలేదు అని అతను అనగలడు. ఏమీ ఇవ్వకుండా నేరుగా రిట్ వేసినవాణ్ని, ఇన్నాళ్లూ ఎక్కడున్నావని జడ్జి అడుగుతాడు. రాజ్యాంగం 226వ అధికరణ కింద హైకోర్టులో వేసే రిట్‌కు ఇన్ని రోజులని గడువు రాసి లేదు. అయినా ఆలస్యం చేసినవాణ్ని కోర్టు అనుమానంగానే చూస్తుంది. పర్యావరణ అనుమతి మీద జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లాలంటే గడువు కచ్చితం. 30 రోజులు, సరైన కారణం చూపితే మరో 60 రోజులు. మన రెండు రాష్ట్రాల కేసులు చూసే బెంచి చెన్నైలో ఉంది. 91వ రోజున వెళితే ఎంత న్యాయమైన ఫిర్యాదైనా తలుపు తెరుచుకోదు.

సంగతులు తెలియాలంటే సమాచార హక్కు చట్టం ఉంది. మాస్టర్ ప్లాన్‌లో ఆ సర్వే నంబరు వినియోగం, మార్పిడి జీవో, మంజూరైన ప్లాన్ నకలు, ఫైర్ ఎన్‌ఓసీ విడివిడిగా అడగాలి. మొత్తం వివరాలు ఇవ్వండి అని రాస్తే మొత్తంగా ఏమీ రాదు. ప్లాన్ నకలు చేతికొచ్చాక చూడాల్సింది భవనం బొమ్మను కాదు, మూలన ఉండే పట్టికను. స్థలం ఎంత, రోడ్డు వెడల్పు ఎంత రాశారు, సెట్‌బ్యాక్ ఎంత, పార్కింగ్ ఎన్ని చదరపు మీటర్లు? రోడ్డు వెడల్పును టేపు పట్టుకుని మీరే కొలవొచ్చు. భవనం ఎత్తు, చుట్టూ వదలాల్సిన ఖాళీ చాలావరకు ఆ ఒక్క అంకె మీదే ఆధారపడి ఉంటాయి. కాగితం మీది రోడ్డు నేల మీది రోడ్డు కంటే వెడల్పుగా ఉంటే, లాయరుకు చెప్పాల్సిన మొదటి మాట అదే.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2012లో తెచ్చిన బిల్డింగ్ రూల్స్‌లో ఒక మంచి ఏర్పాటుంది. వాటి ప్రకారం పెద్ద కట్టడాలకు అనుమతి తీసుకునేటప్పుడే యజమాని నిర్మిత విస్తీర్ణంలో 10 శాతం భాగాన్ని మంజూరు చేసిన సంస్థకు అప్పగిస్తూ అఫిడవిట్ రాసివ్వాలి. ప్లాన్ ప్రకారం కట్టి ఓసీ తెచ్చుకుంటే ఆ భాగం విడుదలవుతుంది. తప్పు చేస్తే పోతుంది. కట్టేవాణ్ని కట్టడి చేసేందుకు అధికారుల చేతిలో ఉన్న ఈ పగ్గాన్ని పదేపదే వచ్చే క్రమబద్ధీకరణ పథకాలు వదులు చేశాయి. జరిమానా కట్టి తప్పును ఒప్పు చేసుకునే దారి రేపు వస్తుందని తెలిస్తే, ఇవాళ ప్లాన్‌ను ఎవరు గౌరవిస్తారు?

ఇలా ఉండగా 2024 డిసెంబరు 17న మీరట్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కాస్త గట్టి నేల చూపించింది. శాస్త్రి నగర్‌లో ఇంటి కోసం కేటాయించిన ఒక ప్లాట్‌లో, అనుమతే లేకుండా, షాపింగ్ కాంప్లెక్స్ లేచింది. గృహనిర్మాణ పరిషత్ నోటీసులు ఇస్తూనే ఉంది, దుకాణాలు నడుస్తూనే ఉన్నాయి. ఏళ్లు దశాబ్దాలయ్యాయి. 2014లో అలహాబాద్ హైకోర్టు కూల్చమంది. సుప్రీంకోర్టులో దుకాణదారులు చెప్పిన మాట మనం ఎన్నోసార్లు విన్నదే. ఇన్నేళ్లుగా ఇక్కడే బతుకుతున్నాం, అధికారులే ఊరుకున్నారు అని. జస్టిస్ జె.బి. పార్దీవాలా, జస్టిస్ ఆర్. మహదేవన్ బెంచి దానికి ఒప్పుకోలేదు. ఎన్నేళ్లు గడిచినా, ఎంత డబ్బు పెట్టినా, అధికారులు ఎంత నిద్రపోయినా అక్రమ కట్టడం సక్రమం కాదంది. ఖాళీ చేయడానికి మూడు నెలలిచ్చి కూల్చమంది. ఊరుకున్న అధికారుల మీద శాఖాపరంగా, క్రిమినల్ చట్టాల కింద చర్యలు తీసుకోమంది.

ఆ దుకాణదారుల మీద నాకు జాలి ఉంది. చాలా సందర్భాల్లో దుకాణం కొన్నవాడు చూసేది రిజిస్ట్రేషన్ కాగితాన్ని, కరెంటు బిల్లును. రిజిస్ట్రేషన్ అయింది, కరెంటు ఇచ్చారు, బ్యాంకు లోనిచ్చింది, ఇంక తప్పేముంటుంది అనుకుంటాడు. తన పొదుపంతా ఆ పది అడుగుల షట్టరు వెనక పెడతాడు. రిజిస్ట్రేషన్ చెప్పేది అమ్మకం జరిగిందని మాత్రమే, కట్టడం సక్రమమని కాదు. కరెంటు మీటరూ ఆ మాట చెప్పదు. మీరట్ తీర్పు తట్టింది సరిగ్గా ఈ చోటే. కంప్లీషన్ లేదా ఓసీ చూడకుండా కరెంటు, నీరు, డ్రైనేజీ కనెక్షన్ ఇవ్వొద్దంది. అక్రమ కట్టడాల్లో వ్యాపారానికి లైసెన్సు ఇవ్వొద్దంది. బ్యాంకులు ఆ సర్టిఫికెట్ సరిచూశాకే భవనం మీద రుణం ఇవ్వాలంది. ఇవి అమలైతే, మాల్‌లో షాపు బుక్ చేసుకునేవాడు కోర్టు దాకా వెళ్లకుండానే కరెంటు ఆఫీసు దగ్గరే నిజం తెలుసుకుంటాడు.

అదే తీర్పులో ఇంకో చిన్న ఆదేశం ఉంది. నిర్మాణం సాగినన్నాళ్లూ, ఆమోదం పొందిన ప్లాన్‌ను స్థలం దగ్గర అందరికీ కనిపించేలా పెట్టాలి. మీ వీధిలో నీలం రేకుల కంచె వేసి, జేసీబీ దిగి ఉంటే, గేటు దగ్గర ఆ ప్లాన్ ఉందో లేదో చూడండి. ఉంటే ఫోన్‌లో ఫొటో తీసుకుని, అనుమతి నంబరును మున్సిపాలిటీ వెబ్‌సైట్‌లో సరిచూడండి. లేకపోతే, లేదన్న సంగతినే తేదీ వేసి కమిషనరుకు రాసి, రసీదు తీసుకోండి. వసంత్ కుంజ్‌లో, తిరుపతిలో ఆలస్యం వల్ల ఏం పోయిందో చూశాం. సెల్లార్ గొయ్యి ఇంకా గొయ్యిగానే ఉన్న రోజుల్లో ఆ రసీదుకున్న విలువ, మూడో స్లాబు పడ్డాక ఎంత పెద్ద లాయరును పెట్టినా రాదు.